కణకేంద్రకంలో కాల్షియం సంకేతాలు

కణకేంద్రకంలో కాల్షియం సంకేతాలు అనగా జీవకణపు కేంద్రకంలో కాల్షియం అయానుల గాఢత కొద్దికాలంపాటు పెరిగి మళ్ళీ తగ్గడం ద్వారా జన్యువులకు అందే రసాయనిక వార్తలు. హార్మోనులు, నాడీ ప్రేరణలు, సూక్ష్మజీవులు విడుదల చేసే పదార్థాలు వంటివి కణాన్ని తాకినపుడు ఈ సంకేతాలు పుడతాయి. వీటి ఫలితంగా కొన్ని జన్యువులు పనిచేయడం మొదలుపెడతాయి, మరికొన్ని ఆగిపోతాయి. జ్ఞాపకాలు స్థిరపడడం, నాడీకణాలు బ్రతికి ఉండడం, గుండె కండరం మందం పెరగడం, కణవిభజన జరగడం, పప్పుజాతి మొక్కల వేళ్ళపై బుడిపెలు ఏర్పడడం వంటి భిన్నమైన ప్రక్రియలలో వీటికి పాత్ర ఉన్నట్లు ప్రయోగాలలో తేలింది.

కణంలో ఎక్కడ ఉన్నా కాల్షియం అయాను ఒక్కటే. అయినా కణద్రవ్యంలో పెరిగిన కాల్షియం ఒక పని చేయిస్తే, కేంద్రకంలో పెరిగిన కాల్షియం మరొక పని చేయిస్తుంది. కాల్షియం ఎంత వచ్చింది అన్నదానితోపాటు ఏ దారిన వచ్చింది, ఎక్కడికి చేరింది అన్నవి కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయి. నాడీకణాల విషయంలో ఈ తేడా కణం బ్రతకడమా, చనిపోవడమా అన్నంత తీవ్రమైనది.

నేపథ్యం

మనిషి శరీరంలో సుమారు ఒక కిలోగ్రాము కాల్షియం ఉంటుంది. దీనికి తెలుగులో ఖటికం అనే పేరు కూడా ఉంది. ఇందులో 99 శాతం ఎముకలలోను, దంతాలలోను ఉంటుంది. మిగిలిన ఒక్క శాతం రక్తంలోను, ఇతర కణజాలాలలోను ఉండి కండరాల సంకోచం, రక్తం గడ్డకట్టడం, నాడీ ప్రసారం వంటి పనులకు తోడ్పడుతుంది.

కాల్షియానికి ఇటువంటి పాత్ర ఉన్నదని మొదట సూచించిన వారిలో లండనుకు చెందిన వైద్యుడు సిడ్నీ రింగర్ ముఖ్యుడు. ఆయన కప్ప గుండెను ఉప్పు ద్రావణంలో ఉంచి పరిశీలించాడు. కుళాయి నీటితో చేసిన ద్రావణంలో గుండె చాలాసేపు కొట్టుకుంది. స్వేదనజలంతో చేసిన ద్రావణంలో త్వరగా బలహీనపడి ఆగిపోయింది. ఈ తేడాకు కారణం కుళాయి నీటిలో ఉన్న కాల్షియమేనని ఆయన 1883లో ప్రకటించాడు.

విశ్రాంత స్థితిలో ఉన్న కణద్రవ్యంలో స్వేచ్ఛగా ఉన్న కాల్షియం అయానుల గాఢత సుమారు 100 నానోమోలార్లు మాత్రమే. కణం వెలుపల అది 1 నుండి 2 మిల్లీమోలార్ల వరకు ఉంటుంది. అంటే లోపలికంటే వెలుపల సుమారు పదివేల రెట్లు ఎక్కువ. కణం లోపలే ఉన్న అంతర్జీవద్రవ్యజాలంలో కూడా కొన్ని వందల మైక్రోమోలార్ల కాల్షియం నిలువ ఉంటుంది. కణత్వచంలోను, అంతర్జీవద్రవ్యజాలపు త్వచంలోను ఉన్న పంపులు ఏ.టి.పి. అణువులను ఖర్చుచేస్తూ కాల్షియాన్ని నిరంతరం బయటకు, నిలువలలోకి తోడుతూ ఈ తేడాను కాపాడతాయి. ఈ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావులు వేరువేరుగా కనుగొన్నారు.

తేడా ఇంత ఎక్కువగా ఉన్నందువలన త్వచంలో చిన్న మార్గం తెరుచుకున్నా కాల్షియం వేగంగా లోపలికి వస్తుంది. క్షణకాలంలో దాని గాఢత పదిరెట్ల వరకు పెరగగలదు. పంపులు దానిని మళ్ళీ తోడివేస్తాయి. ఈ పెరుగుదల, తరుగుదలలనే కణం సంకేతంగా వాడుకుంటుంది. హార్మోను కణం వెలుపలే నిలిచి ఉన్నా దాని వార్త లోపలికి ఎలా చేరుతుందో 1983లో స్ట్రెబ్, ఇర్విన్, బెర్రిడ్జ్, షుల్జ్ అనే శాస్త్రవేత్తలు క్లోమగ్రంథి కణాలలో చూపించారు. హార్మోను తాకినపుడు కణత్వచం వద్ద ఇనోసిటాల్ ట్రైఫాస్ఫేట్ అనే చిన్న అణువు తయారవుతుంది. దీనిని క్లుప్తంగా ఐపీ3 అంటారు. అది కణద్రవ్యంలో ప్రయాణించి, నిలువలపై ఉన్న గ్రాహకాలను తాకి కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది.

కేంద్రకం నిర్మాణం, కాల్షియం దారులు

కేంద్రకం చుట్టూ రెండు పొరలున్న కేంద్రకత్వచం ఉంటుంది. వెలుపలి పొర అంతర్జీవద్రవ్యజాలంతో కలిసిపోయి ఉంటుంది. రెండు పొరల నడుమ 20 నుండి 50 నానోమీటర్ల ఖాళీ ఉంటుంది. ఈ ఖాళీ కూడా అంతర్జీవద్రవ్యజాలపు లోపలి భాగంతో కలిసే ఉంటుంది కనుక కేంద్రకాన్ని చుట్టి ఉన్న కాల్షియం నిలువగా ఇది పనిచేస్తుంది. కేంద్రకత్వచంపై ఐపీ3 గ్రాహకాలు, రయనోడిన్ గ్రాహకాలు అనే కాల్షియం విడుదల మార్గాలు ఉన్నట్లు వివిధ కణాలలో గుర్తించారు. కాల్షియాన్ని నిలువలోకి ఎక్కించే పంపులు ప్రధానంగా వెలుపలి పొరపై, కణద్రవ్యం వైపు ఉంటాయి.

కేంద్రకత్వచానికి అనేక రంధ్రాలు ఉంటాయి. క్షీరదాల కణాలలో ఒక్కో కేంద్రకానికి ఇవి వేల సంఖ్యలో ఉంటాయి. ప్రతి రంధ్రం సుమారు 30 రకాల ప్రొటీనులతో, ఎనిమిది రేకుల అమరికలో కట్టబడి ఉంటుంది. సుమారు 40 కిలోడాల్టన్లకు లోపున్న అణువులు వీటిగుండా వాటంతటవే వ్యాపనం చెందగలవు. అంతకంటే పెద్ద ప్రొటీనులకు ప్రత్యేకమైన రవాణా ప్రొటీనుల సహాయం కావాలి. కాల్షియం అయాను బరువు 40 డాల్టన్లే కనుక దానికి ఈ రంధ్రాలు పెద్ద అడ్డంకి కావు.

కేంద్రకాన్ని నునుపైన గోళంగా పుస్తకాలలో చిత్రిస్తారు. నిజానికి అనేక కణాలలో కేంద్రకత్వచం లోపలికి ముడతలుపడి గొట్టాలవలె కేంద్రకం మధ్యవరకు చొచ్చుకొని ఉంటుంది. ఫ్రికర్, అతని సహచరులు 1997లో అనేక రకాల క్షీరద కణాలలో ఈ గొట్టాలను వర్ణించారు. 2003లో ఎచెవారియా, నాథన్సన్ ప్రభృతులు ఈ జాలంలో కాల్షియం నిలువ ఉన్నదని, దానిపై ఐపీ3 గ్రాహకాలు ఉన్నాయని, కేంద్రకంలోని ఒక చిన్న భాగంలో మాత్రమే కాల్షియాన్ని విడుదల చేయడం సాధ్యమేనని చూపించారు. దీనికి కేంద్రకద్రవ్యజాలం అని పేరు. కణద్రవ్యపు కాల్షియం నిలువ కేంద్రకపు లోతులకు చేరడానికి ఇది ఒక దారి.

కాల్షియం ఎక్కడినుండి వస్తుంది?

కేంద్రకంలో కనిపించే కాల్షియం కణద్రవ్యంనుండి రంధ్రాలగుండా వచ్చినదా, లేక కేంద్రకం స్వయంగా విడుదల చేసుకున్నదా అనే విషయంపై 1990వ దశకంలో చాలా చర్చ జరిగింది.

కేంద్రకానికి సొంత వ్యవస్థ ఉన్నదన్న వాదానికి విడదీసిన కేంద్రకాలపై చేసిన ప్రయోగాలు బలమిచ్చాయి. 1989లో నికోటెరా, ఓరెనియస్ ప్రభృతులు ఎలుక కాలేయంనుండి వేరుచేసిన కేంద్రకాలు ఏ.టి.పి. సమక్షంలో కాల్షియాన్ని గ్రహిస్తాయని చూపించారు. 1995లో గెరాసిమెంకో, పీటర్సన్ ప్రభృతులు ఇటువంటి కేంద్రకాలకు ఐపీ3 అందించినపుడు కేంద్రకత్వచంలోని నిలువనుండి కాల్షియం కేంద్రకంలోకి విడుదల కావడాన్ని గమనించారు.

దీనికి భిన్నంగా 1994లో ఆల్‌బ్రిటన్, మేయర్ ప్రభృతులు కణద్రవ్యంలోని కాల్షియం వ్యాపనం చెంది కేంద్రకంలోకి చేరడమే కేంద్రక సంకేతాలకు మూలమని వాదించారు. నిలువలు ఖాళీ అయినపుడు కేంద్రక రంధ్రాలు మూసుకుపోతాయని కొన్ని ప్రయోగాలు సూచించగా, మరికొన్ని ప్రయోగాలలో అది నిర్ధారణ కాలేదు.

తరువాతి పరిశోధనల వలన ఈ రెండు దారులూ ఉన్నాయనీ, ఏది ప్రధానమన్నది కణపు రకాన్నిబట్టి, ప్రేరణనుబట్టి మారుతుందనీ తెలిసింది. నాడీకణాలలో త్వచపు మార్గాలగుండా వచ్చిన కాల్షియం కణదేహం వరకు వ్యాపించి కేంద్రకంలోకి ప్రవేశిస్తుంది. కాలేయ కణాలలో, గుండె కండర కణాలలో కేంద్రకత్వచంపై ఉన్న ఐపీ3 గ్రాహకాలకు ఎక్కువ ప్రాధాన్యం ఉంది. రెండు సందర్భాలలోనూ కేంద్రకంలో చేరిన కాల్షియం తగ్గడానికి కణద్రవ్యంలోకంటే ఎక్కువ సమయం పట్టడం తరచుగా కనిపిస్తుంది. దానిని తోడే పంపులు ప్రధానంగా కేంద్రకం వెలుపల ఉండడం దీనికి ఒక కారణం.

కొలిచే పద్ధతులు

* ఎకోరిన్: జెల్లీచేపలలో ఉండే ఈ ప్రొటీను కాల్షియం తగిలినపుడు నీలికాంతిని వెదజల్లుతుంది. దీనిని షిమోమురా, జాన్సన్ ప్రభృతులు 1962లో వేరుచేశారు. 1993లో ఇటలీకి చెందిన బ్రిని, రిజుటో, పోజాన్ ప్రభృతులు ఈ ప్రొటీనుకు కేంద్రకానికి చేర్చే చిరునామా వంటి భాగాన్ని తగిలించి, బ్రతికున్న కణాల కేంద్రకంలో కాల్షియాన్ని కొలిచారు.
* ప్రతిదీప్తి రంగులు: రోజర్ సియెన్ బృందం 1985లో ఫ్యూరా-2 అనే రంగును ప్రకటించింది. కాల్షియంతో కలిసినపుడు దీని ప్రతిదీప్తి మారుతుంది. అయితే ఇటువంటి రంగులు కేంద్రకంలో ఒక విధంగా, కణద్రవ్యంలో మరొక విధంగా వెలుగుతాయి. ఈ తేడాను సరిచేయకపోతే కేంద్రకంలో లేని కాల్షియం ఉన్నట్లు కనిపించే ప్రమాదం ఉంది. పైన చెప్పిన చర్చ కొన్నేళ్ళు సాగడానికి ఇదీ ఒక కారణం.
* జన్యుపరంగా అమర్చే సూచికలు: 1997లో మియావాకీ, సియెన్ ప్రభృతులు కామిలియన్ అనే సూచికలను, 2001లో జపానుకు చెందిన నకాయి ప్రభృతులు జీకాంప్ సూచికను తయారుచేశారు. జీకాంప్‌ను క్రోమోజోములలోని హిస్టోన్ ప్రొటీనుకు జతచేస్తే అది కేంద్రకంలోనే ఉంటుంది. జీబ్రాచేప పిల్లల మెదడులో వేలాది నాడీకణాలను ఒకేసారి పరిశీలించేటపుడు ఒక్కో కణాన్ని పక్కదానినుండి వేరుగా గుర్తించడానికి ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

జన్యువులపై ప్రభావం

కాల్షియం అయాను తనంతట తాను జన్యువును చదివించలేదు. కాల్షియాన్ని పట్టుకొనే ప్రొటీనులు ఈ పనిని పూర్తిచేస్తాయి.

కాల్మోడ్యులిన్, క్రెబ్

కాల్మోడ్యులిన్ 148 అమైనో ఆమ్లాలున్న చిన్న ప్రొటీను. దీనికి నాలుగు కాల్షియం అయానులను పట్టుకొనే స్థానాలు ఉన్నాయి. కాల్షియం పట్టుకొన్నపుడు దీని ఆకారం మారి ఇతర ఎంజైములకు అతుక్కుంటుంది. వాటిలో కేంద్రకంలో ఎక్కువగా ఉండే కామ్‌కైనేజ్-4 ఒకటి. ఈ ఎంజైము క్రెబ్ అనే ప్రొటీనులో 133వ స్థానంలోని సెరిన్‌కు ఫాస్ఫేటును తగిలిస్తుంది. క్రెబ్ డి.ఎన్.ఏ.పై నిర్దిష్టమైన చోట కూర్చొని అనులేఖనాన్ని, అంటే జన్యువులోని సమాచారాన్ని ఆర్.ఎన్.ఏ. రూపంలో నకలు తీసే పనిని ప్రేరేపిస్తుంది.

క్రెబ్‌కు ఫాస్ఫేటు తగిలినంత మాత్రాన జన్యువు పూర్తిగా పనిచేయదు. దానికి సీబీపీ అనే మరొక ప్రొటీను తోడు కావాలి. సీబీపీని చురుకుగా చేయడానికి కేంద్రకంలోని కాల్షియం, కామ్‌కైనేజ్-4 అవసరమని 1998లో చావ్లా, హార్డింగ్‌హామ్, క్విన్, బాడింగ్‌లు చూపించారు. మనుషులలో సీబీపీ జన్యువు లోపించినపుడు రూబిన్‌స్టీన్-టేబి సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే రుగ్మత ఏర్పడుతుంది. మానసిక ఎదుగుదల కుంటుపడడం, బొటనవ్రేళ్ళు వెడల్పుగా ఉండడం దీని లక్షణాలు.

సంకేతం కేంద్రకానికి చేరడానికి అయాను ఒక్కటే ప్రయాణించనక్కరలేదు. 1998లో డైసరోత్, హైస్ట్, రిచర్డ్ సియెన్‌లు నాడీకణాలలో కాల్మోడ్యులినే కణద్రవ్యంనుండి కేంద్రకానికి చేరుతుందని చూపించారు. దానిని మోసుకుపోయేది గామా కామ్‌కైనేజ్-2 అని 2014లో రిచర్డ్ సియెన్ బృందం తెలిపింది. ఈయన పైన చెప్పిన రోజర్ సియెన్‌కు అన్న.

డ్రీమ్

కొన్ని ప్రొటీనులు కాల్షియాన్ని నేరుగా పట్టుకొని జన్యువును నియంత్రిస్తాయి. 1999లో కారియాన్, నరాంజో ప్రభృతులు వర్ణించిన డ్రీమ్ ఇటువంటిది. కాల్షియం తక్కువగా ఉన్నపుడు ఇది డి.ఎన్.ఏ.కు అతుక్కొని ప్రోడైనార్ఫిన్ జన్యువును ఆపి ఉంచుతుంది. కాల్షియం పెరిగినపుడు డి.ఎన్.ఏ.ను వదిలివేస్తుంది. ప్రోడైనార్ఫిన్ నుండి శరీరంలో సహజంగా నొప్పిని తగ్గించే పదార్థాలు తయారవుతాయి. డ్రీమ్ లేని చిట్టెలుకలకు నొప్పి స్పందన తగ్గినట్లు 2002లో గమనించారు.

ఎన్‌ఫాట్

ఎన్‌ఫాట్ ప్రొటీనులు మామూలుగా కణద్రవ్యంలో ఉంటాయి. కాల్షియం పెరిగినపుడు కాల్సిన్యూరిన్ అనే ఎంజైము వాటినుండి ఫాస్ఫేటులను తొలగిస్తుంది. అపుడు అవి కేంద్రకంలోకి వెళ్ళి జన్యువులను పనిచేయిస్తాయి. కాల్షియం తగ్గిపోతే తిరిగి బయటకు వస్తాయి. కనుక వాటిని కేంద్రకంలో నిలిపి ఉంచడానికి సంకేతం కొనసాగుతూ ఉండాలి. రోగనిరోధక కణాలలో ఇది ముఖ్యమైన ప్రక్రియ. అవయవ మార్పిడి చేసినవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ మందులు కాల్సిన్యూరిన్‌ను అడ్డుకోవడం ద్వారానే పనిచేస్తాయని 1991లో తెలిసింది.

1997 నాటి ప్రయోగం

కేంద్రకంలోని కాల్షియానికి, కణద్రవ్యంలోని కాల్షియానికి వేరువేరు పనులున్నాయని స్పష్టంగా చూపిన ప్రయోగాన్ని హార్డింగ్‌హామ్, చావ్లా, జాన్సన్, బాడింగ్‌లు 1997లో ప్రకటించారు. వారు కాల్షియాన్ని పట్టి ఉంచే బాప్టా అనే పదార్థాన్ని 70 కిలోడాల్టన్ల బరువున్న డెక్స్‌ట్రాన్ అణువుకు జతచేశారు. ఇంత పెద్ద అణువు కేంద్రక రంధ్రాలగుండా పోలేదు. దీనిని చిట్టెలుక పిట్యూటరీ కణాల కేంద్రకంలోకి సన్నని సూదితో ఎక్కించినపుడు అది అక్కడే ఉండిపోయి కేంద్రకంలోని కాల్షియం పెరుగుదలను మాత్రమే అణచివేసింది. కణద్రవ్యంలో కాల్షియం యథావిధిగా పెరిగింది.

అపుడు క్రెబ్ ద్వారా పనిచేసే అనులేఖనం ఆగిపోయింది. సీరం స్పందన భాగం అనే మరొక డి.ఎన్.ఏ. భాగం ద్వారా జరిగే అనులేఖనం మాత్రం కొనసాగింది, ఎందుకంటే దానికి కణద్రవ్యంలోని కాల్షియం చాలు. ఈ విధంగా ఒకే అయాను రెండు చోట్ల రెండు రకాల జన్యువులను పనిచేయిస్తుందని తేలింది.

నాడీకణాలలో పాత్ర

జ్ఞాపకం

కొన్ని నిమిషాలు నిలిచే జ్ఞాపకానికి కొత్త ప్రొటీనులు అవసరం లేదు. రోజుల తరబడి నిలిచే జ్ఞాపకానికి కొత్తగా జన్యువులు పనిచేసి ప్రొటీనులు తయారుకావాలి. ఈ రెండవ దానిలో కేంద్రక కాల్షియం అవసరమని జంతువులపై ప్రయోగాలు చూపాయి. 2004లో మేఫోర్డ్ బృందం చిట్టెలుకల ముందుమెదడు నాడీకణాల కేంద్రకాలలో కాల్మోడ్యులిన్‌ను అడ్డుకొనే ప్రొటీనును తయారయ్యేలా చేసింది. ఆ చిట్టెలుకలలో స్వల్పకాలిక జ్ఞాపకం బాగానే ఉన్నా దీర్ఘకాలిక జ్ఞాపకం దెబ్బతిన్నది. 2013లో పండ్ల ఈగలపై చేసిన ప్రయోగాలలో కూడా ఇటువంటి ఫలితమే వచ్చింది.

నాడీకణపు కొమ్మలైన డెండ్రైట్ల పొడవును కాపాడే వీఈజీఎఫ్-డి అనే ప్రొటీను తయారీ కూడా కేంద్రక కాల్షియంపై ఆధారపడుతుందని 2011లో బాడింగ్ బృందం కనుగొన్నది. ఈ ప్రొటీను తగ్గినపుడు చిట్టెలుకలలో కొమ్మలు కుంచించుకుపోయి జ్ఞాపకశక్తి తగ్గింది.

అయితే నాడీకణాలలో కేంద్రక కాల్షియం వలన మేలు మాత్రమే జరుగుతుందని చెప్పలేము. వెన్నుపాములోని నాడీకణాలలో ఇదే సంకేతం వాపుతో కూడిన నొప్పి దీర్ఘకాలం నిలిచిపోవడానికి దోహదం చేస్తుందని 2013లో చిట్టెలుకలపై జరిగిన పరిశోధన తెలిపింది. నొప్పిని కూడా నాడీమండలం ఒక విధంగా గుర్తుపెట్టుకుంటుందన్న మాట.

జీవన్మరణాలు

నాడీకణాల నడుమ వార్తలు మోసే గ్లూటమేట్ అనే పదార్థానికి ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకాలు స్పందిస్తాయి. ఇవి తెరుచుకున్నపుడు కాల్షియం కణంలోకి వస్తుంది. నేర్చుకోవడానికి ఇవి తప్పనిసరి. పక్షవాతంలో మెదడుకు రక్తం అందనపుడు మాత్రం గ్లూటమేట్ విపరీతంగా పేరుకొని, ఇవే గ్రాహకాల ద్వారా నాడీకణాల మరణానికి కారణమవుతుంది. మేలు చేసే గ్రాహకమే కీడు ఎలా చేస్తుందన్నది చాలాకాలం చిక్కుముడిగా ఉండేది. మొదట కాల్షియం మోతాదు మించడమే కారణమనుకున్నారు.

2002లో హార్డింగ్‌హామ్, ఫుకునాగా, బాడింగ్‌లు ఎలుక నాడీకణాలపై పరిశోధనచేసి, మోతాదుకంటే స్థానం ముఖ్యమని చూపించారు. నాడీసంధి లోపల ఉన్న ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకాల ద్వారా కాల్షియం వచ్చినపుడు క్రెబ్ చురుకై, కణాన్ని రక్షించే జన్యువులు పనిచేశాయి. నాడీసంధి వెలుపల ఉన్న అవే గ్రాహకాలు తెరుచుకున్నపుడు క్రెబ్ ఆగిపోయింది, మైటోకాండ్రియాలు దెబ్బతిని కణాలు మరణించాయి. రెండు సందర్భాలలోనూ కణంలోకి వచ్చిన కాల్షియం దాదాపు సమానమే. నాడీసంధి సంకేతం కేంద్రకాన్ని చేరి రక్షణ జన్యువులను లేపుతుంది. సంధి వెలుపలి సంకేతం ఆ రక్షణను ఆపివేస్తుంది.

గుండె కండరంలో పాత్ర

గుండె కొట్టుకున్న ప్రతిసారీ దాని కండర కణాలలో కాల్షియం పెరిగి తగ్గుతుంది. ఇలా నిమిషానికి డెబ్బై సార్లు జరుగుతున్నా జన్యువులు ప్రతిసారీ మేల్కొనవు. మరి కాల్షియం వలననే గుండె కండరం మందం పెరిగే జన్యువులు ఎలా పనిచేస్తాయన్నది ప్రశ్న. దీనికి 2006లో బెర్స్ బృందం ఒక సమాధానం ఇచ్చింది. ఎండోథెలిన్-1 అనే హార్మోను గుండె కణాలలో ఐపీ3ను పుట్టిస్తుంది. అది కేంద్రకత్వచంపై ఉన్న రెండవ రకం ఐపీ3 గ్రాహకాలను తెరిచి కేంద్రకం దగ్గర మాత్రమే కాల్షియాన్ని విడుదల చేయిస్తుంది. అక్కడి కామ్‌కైనేజ్-2 చురుకై, జన్యువులను అణచి ఉంచే హెచ్‌డాక్-5 అనే ప్రొటీనును కేంద్రకంనుండి బయటకు పంపుతుంది. అణచివేత తొలగడంతో ఆ జన్యువులు పనిచేస్తాయి. ఇటువంటి మార్పులు ఎక్కువకాలం కొనసాగితే గుండె వైఫల్యానికి దారితీయవచ్చు. ఈ విధంగా సంకోచానికి సంబంధించిన కాల్షియం, జన్యువులకు సంబంధించిన కాల్షియం ఒకే కణంలో వేరువేరుగా నడుస్తాయి.

కణవిభజనలో పాత్ర

2007లో రోడ్రిగ్స్, లీటే, నాథన్సన్ ప్రభృతులు కాల్షియాన్ని పట్టుకొనే పార్వాల్బుమిన్ ప్రొటీనును కొన్ని కణాలలో కేంద్రకానికి, కొన్నింటిలో కణద్రవ్యానికి పరిమితం చేశారు. కేంద్రక కాల్షియాన్ని అణచినపుడు కణాలు విభజన తొలిదశను దాటలేకపోయాయి. కణద్రవ్యపు కాల్షియాన్ని అణచినపుడు ఇలా జరగలేదు. కేంద్రక కాల్షియాన్ని అణచిన కణాలనుండి జంతువులలో పెరిగిన కణితులు కూడా నెమ్మదిగా పెరిగాయి. కాలేయ కణాల పెరుగుదలను ప్రేరేపించే హార్మోను గ్రాహకమైన సి-మెట్ కేంద్రకానికి చేరి అక్కడ కాల్షియం సంకేతాన్ని పుట్టిస్తుందని 2008లో ప్రకటించారు.

మొక్కలలో పాత్ర

కంది, పెసర, మినుము, శనగ వంటి పప్పుజాతి మొక్కల వేరు బుడిపెలలో రైజోబియం జాతి బాక్టీరియాలు నివసించి, గాలిలోని నత్రజనిని మొక్కకు ఉపయోగపడే రూపంలోకి మారుస్తాయి. పప్పుధాన్యాలను పంట మార్పిడిలో వేయడం వలన నేల సారం పెరగడానికి కారణం ఇదే. బాక్టీరియా వేరుమూలకేశాన్ని సమీపించినపుడు నాడ్ కారకాలు అనే పదార్థాలను విడుదల చేస్తుంది. వీటికి స్పందనగా ఆల్ఫాల్ఫా వేరుమూలకేశాలలో కాల్షియం సుమారు నిమిషానికి ఒకసారి చొప్పున పెరిగి తగ్గుతుందని 1996లో ఎర్‌హార్ట్, వైస్, లాంగ్‌లు చూపించారు. ఈ డోలనాలు కేంద్రకంలోను, దాని చుట్టూ జరుగుతాయి.

ఈ డోలనాలను గుర్తించే ఎంజైము కేంద్రకంలోనే ఉంటుంది. దాని పేరు సీకామ్‌కే. ఇది కాల్షియాన్ని నేరుగానూ, కాల్మోడ్యులిన్ ద్వారానూ పట్టుకోగలదు. దీని జన్యువును 2004లో గుర్తించారు. ఈ ఎంజైము ఎప్పుడూ చురుకుగా ఉండేలా మార్చిన మొక్కలు బాక్టీరియా లేకపోయినా వేళ్ళపై బుడిపెలను తయారుచేసినట్లు 2006లో రెండు బృందాలు ప్రకటించాయి. అంటే బుడిపె కట్టమనే ఆజ్ఞ ఈ కాల్షియం సంకేతంలోనే ఉన్నదన్నమాట. కేంద్రకత్వచంపై ఉండి కాల్షియాన్ని విడుదల చేసే సీఎన్‌జీసీ-15 మార్గాలను 2016లో కనుగొన్నారు.

వేళ్ళతో సహజీవనం చేస్తూ మొక్కకు భాస్వరాన్ని అందించే మైకోరైజా శిలీంధ్రాలకు కూడా ఇదే మార్గం అవసరం. బుడిపెలు లేని వరి మొక్కలో సైతం సీకామ్‌కే ఉన్నది, శిలీంధ్రంతో సహజీవనానికి అది కావాలి. అందువలన వరి వంటి తృణధాన్యాలకు నత్రజని స్థాపనను నేర్పాలని ప్రయత్నిస్తున్న పరిశోధకులు ఈ సంకేతంపై దృష్టి పెట్టారు.

వైద్యంలో ప్రాముఖ్యం

పక్షవాతంలో నాడీకణాలను కాపాడడానికి ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకాలను పూర్తిగా మూసివేసే మందులను 1990వ దశకంలో రోగులపై పరీక్షించారు. ఆ పరీక్షలు విఫలమయ్యాయి. నాడీసంధిలోని గ్రాహకాలను కూడా మూసివేస్తే, కేంద్రకానికి చేరవలసిన రక్షణ సంకేతం కూడా ఆగిపోతుందన్నది ఈ వైఫల్యానికి చెప్పే కారణాలలో ఒకటి. అల్జీమర్స్ వ్యాధికి ఐరోపాలో 2002లోను, అమెరికాలో 2003లోను ఆమోదం పొందిన మెమాంటిన్ తక్కువ మోతాదులో నాడీసంధి వెలుపలి గ్రాహకాలనే ఎక్కువగా అడ్డుకుంటుందని ప్రయోగశాలలో గమనించారు.

2020లో బాడింగ్ బృందం మరొక మార్గాన్ని ప్రకటించింది. నాడీసంధి వెలుపల ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకం ట్రిప్-ఎమ్4 అనే మరొక ప్రొటీనుతో జతకట్టి ఉంటుందని, ఈ జతను విడదీసే రసాయనాలు చిట్టెలుకలలో నాడీకణాల మరణాన్ని తగ్గిస్తాయని, కేంద్రకానికి పోయే కాల్షియం సంకేతాన్ని మాత్రం చెడగొట్టవని వారు చూపించారు. అదే సంవత్సరం వీఈజీఎఫ్-డి వంటి పదార్థాలను ముక్కుద్వారా ఇచ్చి, పక్షవాతం కలిగించిన చిట్టెలుకలలో మెదడు నష్టాన్ని తగ్గించగలిగినట్లు కూడా ప్రకటించారు. ఇవి జంతువులపై వచ్చిన ఫలితాలు.

కాల్షియం శరీరంలో అన్ని కణాలకూ అవసరం కనుక దానిని అంతటా ఆపివేసే మందు మేలుకంటే కీడు ఎక్కువ చేస్తుంది. ఏ దారిన వచ్చే కాల్షియం ఏ జన్యువును చేరుతుందో తెలిస్తే హాని చేసే దారిని మాత్రమే మూయడం సాధ్యమవుతుంది. ఈ పరిశోధనలకు వైద్యంలో ఉన్న ప్రాధాన్యం ఇదే.

ఇవి కూడా చూడండి

* కణకేంద్రకం
* కాల్షియం
* అంతర్జీవద్రవ్యజాలం
* నాడీకణం
* జన్యువు
* యల్లాప్రగడ సుబ్బారావు